మారు అన్నం

“...ఫొటో తీసెయ్యమనడం చాలక పేరు కూడా మార్చమంటారా? రేపు నా పేరు కూడా మార్చుకోమంటారేమో!”

“అంకుల్, నా మీద కేకలేస్తే ఏం లాభం? వాళ్ళు మెయిల్లో ఏం రాశారో అదే చదివాను.”

“నువ్వు చదివిన తీరే బాగాలేదు.”

“సరే, ఈసారి రాగం తీసి చదువుతా.”

వంటింట్లో కరివేపాకు దూస్తున్న పుష్పలతకు గరాజ్‌లోంచి ఈ మాటలన్నీ వినిపిస్తున్నాయి. ఆక్లాండ్ శివారు హెండర్సన్‌లో వాళ్ళుంటున్న ఇంట్లో వంటింటికీ గరాజ్‌కీ మధ్య ఉన్నది ఒక్క పలచటి గోడే. ఆ గరాజ్‌లో కారు పెట్టి ఆరేళ్ళయింది. కౌన్సిల్ వాళ్ళు వచ్చి చూసి సరేనన్నాక రెండు పొయ్యిలూ ఒక గ్రైండరూ స్టీలు బల్లా లోపలికి చేరాయి, కారు రోడ్డు మీదికి పోయింది. భర్త లక్ష్మణరావు గొంతు లేచినప్పుడు అది కోపమో బాధో పుష్పలత గోడ ఇవతల నుంచే చెప్పగలదు. ఇది బాధే.

చేతులు కడుక్కుని, మూడు గ్లాసుల్లో టీ పోసి పట్టుకెళ్ళింది.

మధుబాబు స్టీలు బల్ల పక్కన నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. ఊరికి ఇంకో చివరనున్న పాపకూరలో అతనికి చిన్న ప్రింటింగ్ షాపుంది. చదువుకోవడానికి వచ్చి, చదివింది పక్కన పెట్టి, స్టిక్కర్లూ బ్యానర్లూ వేస్తూ సెటిల్ అయ్యాడు. వీళ్ళ సీసాల మీద లేబుల్ వేసేది అతనే. ఎర్ర కాగితం మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాల్లో ‘కోటేశ్వరమ్మ నల్లకారం’ అని ఉంటుంది. మధ్యలో లక్ష్మణరావు తల్లి కోటేశ్వరమ్మ ఫొటో. హాల్లో గోడకున్న పటాన్నే మధుబాబు మొదట్లో ఫోన్లో తీసి అచ్చు వేశాడు. నలుపు తెలుపు ముఖం, అద్దం మీద పెట్టిన కుంకుమ బొట్టు, చుట్టూ గంధపు చెక్కల దండ, అన్నీ ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి. దండ తీసి ఫొటో తీద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వచ్చినా లక్ష్మణరావు ఒప్పుకునేవాడు కాదు. దండ లేకుండా అమ్మని బయటికెలా పంపుతాం అనేవాడు.

“నువ్వు చెప్పు పుష్పా,” అన్నాడు గ్లాసు అందుకుంటూ. “నాలుగు షాపులున్న పెద్ద చైనీస్ సూపర్‌మార్కెట్. మన కారం అరల్లో పెడతారట. కానీ ఫొటో ఉండకూడదట. పైన చైనీస్ పేరు పెట్టాలట. శుక్రవారం లోపల చెప్పాలట.”

“వాళ్ళ కస్టమర్లకి ఇంగ్లీషు పేరు గుర్తుండదు ఆంటీ,” అన్నాడు మధుబాబు. “ఏ బయటి సరుకైనా అంతే. మనం పేరు పెట్టకపోతే వాళ్ళే ఏదో ఒకటి పెట్టేసుకుంటారు. ఇప్పటికే ఆదివారం సంతలో చైనా వాళ్ళు మనల్ని ‘నల్లపొడి ఆంటీ’ అంటున్నారట.”

“ఆంటీ ఎవరు? ముందు కూర్చునేది నేనైతే!”

“అంకుల్, మీరు మాట్లాడతారు. వాళ్ళు పొడి కలిపే చేతిని చూస్తారు.”

పుష్పలతకు నవ్వొచ్చింది, ఆపుకుంది. మధుబాబు ఫోన్లో ఏదో నొక్కి చూపించాడు. “నేనొకటి ట్రై చేశాను. కోటేశ్వరమ్మ అని కొడితే ఇంత పొడుగు వచ్చింది. ఆరక్షరాలు.”

లక్ష్మణరావు కళ్ళజోడు పెట్టుకుని ఆ ఆరక్షరాల వంక చాలాసేపు చూశాడు, వాటిలో ఎక్కడో తల్లి కనపడుతుందేమో అన్నట్టు. “బానే ఉందిగా. ఇదే పంపించు.”

“పక్కింటి ఫాంగ్ గారిని ఒకసారి అడుగుదామండీ,” అంది పుష్పలత.

“ఆవిడ్నా? మన కారం కొనుక్కెళ్ళి, మా అమ్మ ఫొటో ఉన్న సీసా పారేసి, జామ్ సీసాలో పోసుకునే మనిషి. అడుగు. బాగా చెబుతుంది.”

అడుగు అన్నాడు కదా అని ఆమె అడగడానికే నిశ్చయించుకుంది.

ఫొటో తీసెయ్యమన్నందుకు పుష్పలత లోలోపల సంతోషించింది. ఆ సంగతి భర్తతో అనలేదు. చెత్తబండి వచ్చే రోజు వీధిలో రీసైక్లింగ్ డబ్బాలు వరుసగా నిలబెడతారు. గాలి గట్టిగా వీస్తే మూతలు లేచి సీసాలు దొర్లుతాయి. ఒకసారి అలా దొర్లి, కాలవ పక్కన అత్తగారు బొట్టుతో, దండతో ఆకాశంలోకి చూస్తూ పడుంది. ఆ రోజు నుంచీ పుష్పలత సంతలో ఖాళీ సీసా తెచ్చిస్తే యాభై సెంట్లు తగ్గిస్తామని బోర్డు రాయించింది. తిరిగొచ్చిన సీసాలను వేణ్ణీళ్ళలో నానబెట్టి, ఫొటో చిరగకుండా లేబుల్ ఊడదీసి, ఆరబెట్టి, ఒక అట్టపెట్టెలో దాచేది. ఇప్పుడలాంటి పెట్టెలు మూడున్నాయి.

ఇది కాక ఇంకో సంగతుంది. దాని గురించి ఏడేళ్ళుగా ఆమె నోరు విప్పలేదు. ఆ నల్లకారం కోటేశ్వరమ్మ చేసింది కాదు.

పుష్పలత ముప్ఫై నాలుగేళ్ళ వయసులో నరసరావుపేట నుంచి ఆక్లాండ్ వచ్చింది. వృద్ధాశ్రమం లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టింది, కోళ్ళ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసింది. లక్ష్మణరావు సిటీ బస్సు నడిపాడు. తర్వాత అత్తగారిని తెచ్చుకున్నారు. వచ్చిన రెండో ఏడు ఆవిడకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పోయింది, నాలుక మీద రుచి పోయింది. పుష్పలత పని మానేసి ఇంట్లో ఉంది. ఆవిడ పాత కారం, పచ్చి వెల్లుల్లి దంచి కలిపే ఎర్రకారం, ఆవిడే తినలేకపోయింది. నోరు మండుతుందే తప్ప రుచి తెలియడం లేదనేది. అప్పుడు పుష్పలత మిరపకాయలు తగ్గించి, ధనియాలు పెంచి, కరివేపాకు నల్లబడేదాకా వేయించి, చింతపండు మార్చి మార్చి, ఒక్కో వారం ఒక్కో రకంగా చేసి చూసింది. చేసినప్పుడల్లా గోడ క్యాలెండర్ మీద చిన్న గీత పెట్టేది. పదకొండో గీత రోజున కోటేశ్వరమ్మ కంచంలో అన్నం అయిపోయింది.

ఆవిడ తినేది మధ్యాహ్నం పూట మాత్రమే. కొడుకు చూస్తుండగా కోడలి చేత ముద్దలు పెట్టించుకోవడం ఆవిడకు నామోషీ. సాయంత్రం లక్ష్మణరావు డ్యూటీ దిగి వచ్చేసరికి ఆకలి లేదంటూ గ్లాసుడు పాలు తాగి పడుకునేది. అతను భోజనానికి కూర్చుని కారం కలుపుకుని, “అమ్మా, ఇది నీ చేతి రుచే” అనేవాడు. “నీ కోసమేరా, దగ్గరుండి చేయించాను” అనేది ఆవిడ మంచం మీద నుంచే. ఆ మాటకు అతని ముఖం చంటిపిల్లాడి ముఖంలా వెలిగేది. మొదటిరోజు అతను చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళగానే ఆవిడ పుష్పలత కొంగు పట్టుకుని గొంతు తగ్గించి, “వాడికి చెప్పకే. నా చేతి వంట పూర్తిగా పోయిందని తెలిస్తే తట్టుకోలేడు” అంది. పుష్పలత చెప్పనని మాటిచ్చింది.

ఆవిడ పోయిన మరుసటేడు లక్ష్మణరావుకు మోకాలి ఆపరేషన్ అయింది, బస్సు మానేశాడు. తల్లి పేరు మీద కారం అమ్ముదామన్నది అతనే. ఆదివారం సంతలో ముందు కుర్చీలో అతను కూర్చుంటాడు. అతని ఇంగ్లీషు బాగుంటుంది, కబుర్లు ఇంకా బాగుంటాయి. వెనకాల రైస్ కుక్కర్ దగ్గర పుష్పలత నిలబడి వేడి అన్నంలో కారం, నెయ్యి కలిపి, చిన్న కాగితపు గిన్నెల్లో రుచికి ఇస్తుంది. “మా అమ్మగారి వంట, డెబ్భై ఏళ్ళ నాటిది” అని అతను చెప్పినప్పుడల్లా ఆమె తల వంచుకుని అన్నం కలుపుతుంది.

గురువారం మధ్యాహ్నం ఫాంగ్ గారు వచ్చింది. ఏప్రిల్ నెల కావడంతో, తన పెరట్లో రాలిన, జామకాయల్లాంటి ఫీజోవా కాయలు సంచి నిండా ఏరి తెచ్చింది. డెబ్భై దాటిన మనిషి, పొట్టిగా, సూదిలా ఉంటుంది. ఊరు చైనాలోని చాంగ్షా. అక్కడి వాళ్ళు మిరపకాయలంటే ప్రాణం పెడతారట. ముప్ఫై ఏళ్ళు బళ్ళో పిల్లల చేత అక్షరాలు దిద్దించి, కూతురి దగ్గరికి చూసిపోదామని వచ్చి ఇక్కడే ఉండిపోయింది. హెండర్సన్‌లో ఒక పళ్ళ డాక్టరుకీ, ఒక టైర్ల షాపుకీ, ఎన్నికల్లో నిలబడిన ఒక తెల్లాయనకీ చైనీస్ పేరు పెట్టింది ఆవిడే. ఆయన ఓడిపోయాడు, పేరు మాత్రం చాలా బాగుండేది అంటుంది.

మధుబాబు పంపిన ఆరక్షరాలను లక్ష్మణరావు చూపించాడు. ఆవిడ చదివి, పెదాలు బిగించి, మళ్ళీ చదివింది.

“ఇది ఏదో దూరదేశపు రాజధాని పేరులా ఉంది మిస్టర్ రావు. దీన్ని తినాలని ఎవరికీ అనిపించదు.”

“అది మా అమ్మ పేరు.”

“తెలుసు. మీ అమ్మగారంటే గౌరవం ఉంది కాబట్టే ఆ సీసా బల్ల మీద పెట్టను, జామ్ సీసాలో పోసుకుంటాను.” ఆవిడ గోడ మీద పటం వైపు చూపించింది. “మా ఇళ్ళలో నలుపు తెలుపు ఫొటోకి పూలు వేశామంటే ఆ మనిషి చనిపోయినట్టు. దాని ముందు అగరొత్తులు వెలిగించి దణ్ణం పెడతాం. దాన్ని ఎదురుగా పెట్టుకుని నూడుల్స్ తినం. తిన్నాక చెత్తలో వెయ్యం.”

పటం కింద చిన్న చెక్క మీద పొద్దుటి అగరొత్తి బూడిద ఇంకా అలాగే ఉంది. లక్ష్మణరావు దాని వైపు చూశాడు.

“మేమూ వెలిగిస్తాం,” అన్నాడు నెమ్మదిగా. తర్వాత తెలుగులో, “నీకు తెలుసా ఇది?”

“వాళ్ళ సంగతి తెలీదండీ. నా మటుకు నాకు కష్టంగానే ఉండేది. లేబుళ్ళు ఊడదీసి దాస్తుంటే మీరు చూశారుగా.”

“సీసాలు మళ్ళీ వాడడానికనుకున్నాను.”

“సీసాలకైతే లేబుళ్ళు ఎండబెట్టడం దేనికి?”

ఫాంగ్ గారు సంచిలోంచి పెన్సిలూ, వెనకవైపు ఖాళీగా ఉన్న ఒక కరపత్రమూ తీసి బల్ల మీద పెట్టుకుంది.

“నా పద్ధతి ఇది. మూడు ప్రశ్నలడుగుతాను, ఆ తర్వాతే పేరు. మొదటిది. దీన్ని ఎవరు చేశారు?”

“మా అమ్మ,” అన్నాడు లక్ష్మణరావు. “డెబ్భై ఏళ్ళ నాటి...”

ఆవిడ పెన్సిల్ ఎత్తి ఆపింది. “మిమ్మల్ని కాదు, పుష్పను అడుగుతున్నాను. రోజూ వేయించేది తను, కంచె అవతల దగ్గేది నేను. మధ్యలో మీరెవరు?”

లక్ష్మణరావు నవ్వక తప్పలేదు. పుష్పలత ఇంగ్లీషు సంతలో సీసా చేతికివ్వడానికి సరిపోతుంది. అర్థమంతా అవుతుంది కానీ ఇంత పెద్ద సంగతి చెప్పడానికి మాటలు చాలవు. “నువ్వు తెలుగులో చెప్పు, నేను ఇంగ్లీషులో చెబుతాను,” అన్నాడతను.

ఒక్క మాటతో సరిపెట్టవచ్చు. ఆరేళ్ళుగా అతను చెబుతున్న మాటే తనూ చెబితే చాలు. పుష్పలత నోరు తెరిచింది. పటంలోంచి అత్తగారు చూస్తోంది.

ఆమె తడబాటు చూసి లక్ష్మణరావు, “మొహమాటమెందుకు? ఉన్నది చెప్పు,” అన్నాడు. “నోట్లో మెతుకు పెట్టుకోలేని స్థితిలో కూడా నా కోసం దగ్గరుండి చేయించిందని చెప్పు. మంచం మీద తిండి లేక చిక్కిపోతూ కూడా నా కంచం గురించే...” అని ఆగిపోయాడు. “పాలతోనే పోయింది మనిషి. అన్నం తినడం నేను చూడనే లేదు ఆఖరి ఏడాది. అది మాత్రం ఫాంగ్ గారికి చెప్పొద్దులే.”

పుష్పలత అతని వైపు చూసింది. ఇన్నేళ్ళూ అతను ఇది మోస్తున్నాడని ఆమెకు తెలియదు. చేతి వంట పోయిందని తెలిస్తే తట్టుకోలేడని అత్తగారు భయపడింది. అతను మోసింది అది కాదు, ఆకలితో పోయిందనుకున్న తల్లిని.

“తిన్నారండీ,” అంది.

“ఏంటి?”

“అత్తయ్యగారు అన్నం తిన్నారు. మధ్యాహ్నం పూట, మీరు బస్సు మీద ఉన్నప్పుడు. నేనే ముద్దలు పెట్టేదాన్ని. మీరు చూస్తే బాగుండదని సాయంత్రం తినేవారు కాదు.” ఒకసారి మొదలయ్యాక మాటలు వాటంతటవే వచ్చాయి. “ఈ కారం ఆవిడ చేసింది కాదు. మీ కోసం చేయించిందీ కాదు. ఆవిడ కోసం నేను చేసింది. పదకొండు సార్లు చేస్తే కుదిరింది. మీకు చెప్పొద్దన్నారు. చెప్పనని మాటిచ్చాను.”

లక్ష్మణరావు కదల్లేదు. ఫాంగ్ గారు పెన్సిల్ పట్టుకుని ఇద్దరినీ చూస్తూ ఓపిగ్గా కూర్చుంది. బయట గాలికి తీగ మీద బట్టలు టపటప కొట్టుకుంటున్నాయి.

“మిస్టర్ రావు?” అంది ఆవిడ. “ఏమంటోంది?”

అతను కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత ఇంగ్లీషులో, ఒక్కో వాక్యమూ విడివిడిగా, చెప్పిందంతా చెప్పాడు. ఏమీ కలపలేదు, ఏమీ దాచలేదు. బస్సులో తర్వాతి స్టాపు పేరు చెప్పేటప్పుడు ఎంత జాగ్రత్తగా పలికేవాడో అంత జాగ్రత్తగా పలికాడు. ‘పదకొండు సార్లు’ దగ్గర ఒకసారి ఆగి మళ్ళీ చెప్పాడు.

ఫాంగ్ గారు తలాడించింది. “అయితే రెండో ప్రశ్నకూ జవాబొచ్చేసింది, ఎవరి కోసం అన్నది. ఇక మూడోది. మొట్టమొదట తిన్న మనిషి తిని ఏమంది?”

లక్ష్మణరావు భార్య వైపు తిరిగాడు. ఈసారి ఆ ప్రశ్న తనకే కావాలన్నట్టు అడిగాడు. “ఏమంది?”

“బాగుందో లేదో అనలేదు. ఎడంచేత్తో కంచం నా వైపు జరిపారు. ‘మారు పెట్టవే’ అన్నారు.”

“మారు అడిగిందా?”

“అడిగారు.”

“ఆ ఒక్కరోజేనా?”

“రోజూ. ఒక్కోరోజు రెండుసార్లు కూడా. ఇక చాలత్తయ్యా, అరగదు అంటే, ‘నీ సొమ్మేం పోయిందే’ అని కసిరేవారు.”

లక్ష్మణరావుకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో మారిపోయింది. కండువాతో ముఖం తుడుచుకుని, తుడుచుకున్నాక కూడా దాన్ని అక్కడే ఉంచుకున్నాడు. పుష్పలత లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టింది. అతను సగం తాగి, ఫాంగ్ గారి వైపు తిరిగాడు.

“మా అమ్మ ఇంకొంచెం అన్నం అడిగిందట,” అన్నాడు ఇంగ్లీషులో. “రోజూ అడిగేదట.”

ఆవిడ వెంటనే ఏమీ రాయలేదు. కారం కొంచెం తెమ్మంది, అన్నం తెమ్మంది. పుష్పలత పొద్దుటి అన్నం వేడి చేసి, నెయ్యి వేసి కలిపి పెడితే, చెంచాతో మెల్లగా తింది. గిన్నె ఖాళీ చేసి పక్కన పెట్టి, అప్పుడు కరపత్రం వెనక నాలుగక్షరాలు రాసింది. బళ్ళో పిల్లలకు చూపించినట్టు ఒక్కో గీతా ఆగి ఆగి గీసింది.

“పోపో థ్యెన్ ఫాన్. పోపో అంటే కోడలికి అత్తగారు. థ్యెన్ ఫాన్ అంటే గిన్నెలో మళ్ళీ అన్నం వేయించుకోవడం. అత్తగారు మారు వేయించుకుంది, అంతే. నాలుగు అక్షరాలు, చిన్నపిల్లలు కూడా చదవగలరు.” ఆవిడ కళ్ళు కొంటెగా మెరిశాయి. “కోడలి చేతి వంట అత్తగారు మళ్ళీ అడిగి తిందట. అది నిజమో కాదో చూడ్డానికైనా ప్రతి చైనా కోడలూ ఆ అర ముందు ఆగుతుంది. నేనైతే ఆగుతాను. మా అత్తగారు నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.”

“మరి ఆవిడ పేరు?” అంది పుష్పలత. ఈ ప్రశ్న ఆమె ఇంగ్లీషులో తనే అడిగింది.

“అది మీ ఇష్టం. పెద్దవాళ్ళ పేర్లు మేం సరుకుల మీద రాయం. మీరు రాస్తారు. మీరు రాసేది మీ భాషలో రాసుకోండి.”

ఫీజోవా సంచి అక్కడే వదిలి, ఖాళీ జామ్ సీసా ఒకటి నింపించుకుని ఆవిడ వెళ్ళిపోయింది. లక్ష్మణరావు ఆ కాగితం పట్టుకుని పటం ముందు కాసేపు నిలబడ్డాడు. పుష్పలత బల్ల తుడుస్తూ, గిన్నె తీస్తూ, అతని వీపు వంక చూస్తోంది. మాట తప్పినందుకు అత్తగారికి క్షమాపణ చెప్పుకోవాలో లేదో ఆమెకింకా తేలలేదు.

“అంత కారం తింటే ఆవిడకి పడేదా?” అన్నాడతను వెనక్కి తిరక్కుండానే.

“మిరపకాయలు నాలుగే వేసేదాన్ని. ఇప్పుడు మనం అమ్మేదాంట్లో అదే కొలతకి పన్నెండు.”

“ఊఁ.”

మరి కాసేపటికి ఫోను తీసి మధుబాబుకు కలిపాడు.

“మధూ, నేనే. పేరు కుదిరింది. నాలుగక్షరాలు, ఫాంగ్ గారి చేతిరాతే. ఫొటో తీసి పంపిస్తున్నా. అదే పెద్దగా వెయ్యి... మార్చమన్నది వాళ్ళు కాదు, నేను. ఆ... అమ్మ ఫొటో తీసెయ్... అవును, తీసెయ్యమనే అంటున్నా, అది ఇంట్లో ఉంటుంది... ఇంగ్లీషులోనా? కింద చిన్నగా వెయ్యి. ‘కోటేశ్వరమ్మ చేసింది’ అని కాదు. ‘కోటేశ్వరమ్మ తిన్నది’ అని. రాసుకున్నావా? చదువు ఒకసారి... ఇప్పుడు బాగానే చదివావు.”

ఫోను జేబులో వేసుకుని వంటింట్లోకి వచ్చాడు. కుక్కర్ మూత తీసి లోపలికి చూసి, మళ్ళీ మూత పెట్టాడు.

“ఆదివారం నుంచి సంతలో ముందు కుర్చీలో నువ్వు కూర్చో పుష్పా. వెనకాల అన్నం నేను చూసుకుంటాను.”